కొవ్వుపూసిన తూటా: సీసపుగుండు పూర్వచరిత్రము

క్రీ.శ. 1857వ సంవత్సరమున నుత్తరహిందూస్థానమునఁ బొడమిన మహాకలహమును వర్ణించినవారిలోఁ గొవ్వుపూసిన తూటాను బేర్కొననివారు లేరు. ఆ కొవ్వు ఆవుదా, పందిదా యను వివాదమున నిండిన పుటలకు లెక్కలేదు. కాని తుపాకిగుండునకుఁ గొవ్వేల పూయవలసివచ్చెనను ప్రశ్న వేసికొన్నవారు మిక్కిలి కొలఁది. అంతకు నూఱేండ్లు పూర్వమునుండి సిపాయిలు తుపాకులు కాల్చుచునే యుండిరి. తూటాల కాగితమును బంటఁ గొఱుకుచునే యుండిరి. నాఁడు లేని కొవ్వు 1857లో నెక్కడనుండి వచ్చినది? దీనికి సమాధానము మతాచారములలోఁ గాని రాజకీయములలోఁ గాని దొరకదు. అది సీసమను లోహముయొక్క స్వభావమునందును, రైఫిలను తుపాకియొక్క గొట్టమునందును గలదు. ఆ సంగతి తెలిసినఁ గాని సిపాయిల శంక యెంతవఱకు సహేతుకమో, యధికారుల యుపేక్ష యెంతవఱకు నిర్హేతుకమో నిర్ణయించుట వలనుపడదు.

సీసమునకు నాగము, వప్రము, యోగేష్టము మున్నగు పర్యాయము లమరకోశమునఁ గలవు. ఇది నీటికంటెఁ బదునొకండు రెట్లకుమించి బరువైనది. 327 సెంటిగ్రేడు డిగ్రీల వేఁడిమికే కరఁగును గావున దీనికిఁ గమ్మరికొలిమి యక్కఱలేదు; బొగ్గులపొయ్యియే చాలును. గోటితో గీచినను గీఁత పడునంత మెత్తనిది. గుండునకు వలయునవి యీ మూఁడు గుణములే. బరువుచేత వేగము చిరకాలము నిలుచును. సులభముగాఁ గరఁగుటచేత వేఁటకాఁడుగాని సైనికుఁడుగాని తనకు వలయు గుండ్లను దానే పోసికొనవచ్చును. మెత్తఁదనముచేత తుపాకిగొట్టము గీచుకొనిపోదు. ఈ కడపటి గుణము రైఫిలునకు వచ్చునప్పటికి మఱియొక విధమునఁ బ్రధానమైనది. ఆ కథ ముందు రాఁగలదు.

ఇచ్చట శుక్రనీతినిగూర్చి యొకమాట చెప్పవలసియున్నది. ఆ గ్రంథమున నాలికమను నగ్నియంత్రమును, దానికి వలయు చూర్ణమును, సీసపుగుండ్లును వర్ణింపఁబడినవి. మదరాసులో గుస్తావ్ ఓపర్టుపండితుఁడు 1882లో దానిని బ్రకటించినది మొదలుకొని, ప్రాచీనభారతమునఁ దుపాకి కలదని వాదించువారి కిదియే ప్రధానాధార మయ్యెను. ఆ యాధారము నిలువఁజాలదు. సూరేకారము, గంధకము, బొగ్గు అను మూఁటిపాళ్ళను జెప్పి, గుండును గొట్టమునఁ గూరువిధమును జెప్పిన భాగము, తుపాకులు దేశమునఁ బ్రబలిన పిమ్మట వ్రాసినదే కావలెను. 1962లో లల్లన్‌జీ గోపాల్ అను చరిత్రకారుఁడు గ్రంథమంతయుఁ బందొమ్మిదవ శతాబ్దిలోఁ గూర్పఁబడినదని వాదించెను. గ్రంథ మంత నవీనము కాదను వారికి సైత మగ్నియంత్రభాగము ప్రాచీనమని సాధించుట కష్టమే. సంస్కృతమున నున్నంతమాత్రమున నేదియుఁ బ్రాచీనము కానేరదు. ఇంతకు నా వర్ణనలోనిది నున్ననిగొట్టపుఁ దుపాకియే. రైఫిలునకుఁ బ్రాణమైన లోచాళ్ళ ప్రసంగ మందుఁ గానరాదు.

గుండ్లు పోయుపని యిట్టిది. ఇనుపపాత్రలో సీసమును గరఁగించి, యందొక మైనపుముక్కను వేసి కలియఁద్రిప్పినచో మడ్డి పైకిఁ దేలును. దానిని గరిటెతోఁ దీసివేయుదురు. అచ్చు ఇనుముతోనో యిత్తడితోనో చేయఁబడి, పటకారువలె రెండు చెక్కలుగాఁ దెఱచుకొనును. చెక్క కొకటి చొప్పున నరగుండు పల్లముండును. అచ్చు చల్లగా నున్నచో గుండు ముడుతలు పడును. మిక్కిలి కాఁగినచోఁ బైభాగము మంచుపట్టినట్లు తెల్లనగును. కావున మొదట వచ్చిన నాలుగైదు గుండ్లను మరలఁ బాత్రలోనే వేయుట యాచారము. సీసమును నడుమ నాఁపక యొక్కధారగాఁ బోయవలెను. ఆఁపినచో లోపల బొల్లి యేర్పడి గుండు బరువు తప్పును. అచ్చునోట నిలిచిన తోఁకను గత్తిరించి, యా గుఱుతు కనఁబడువైపు పైకుండునట్లు గుండును గొట్టమునఁ బెట్టుదురు. కరఁగిన సీసమున నొక నీటిబొట్టు పడెనా, యది యావిరియై సీసము నంతటను జిమ్మును. ఈ పనిలోఁ జేతులు కాల్చుకొన్నవారు పెక్కండ్రు. ప్రాచీనపుఁ దుపాకులయం దభిమానముగలవారు ఐరోపా, అమెరికా ఖండములలో నేఁటికిని నీ విధముగనే గుండ్లు పోసికొనుచున్నారు.

తుపాకిగొట్టపు వెడల్పును జెప్పుటకు నాంగ్లేయులకుఁ బూర్వమొక వింతలెక్క యుండెను. ఒక పౌను సీసముతో నా గొట్టమునకు సరిపడు గుండ్లెన్ని యగునో యా సంఖ్యయే తుపాకి పేరు. పండ్రెండు గుండ్లైనచోఁ బండ్రెండవ నంబరు. దాని వెడల్పు 0.729 అంగుళము. కావున సంఖ్య తగ్గినకొలఁది గొట్టము పెద్దది. సింహళమునందును ఆఫ్రికాయందును నేనుఁగుల వేఁటకు వాడిన నాలుగవ నంబరు తుపాకికి గుండు లెక్కప్రకారము కాలుపౌను, అనఁగా మన తూఁకమున దాదాపు పదితులములు. ఇట్టి గుండ్లలోఁ దగరము కలిపి గట్టిపఱచుట కలదు. మెత్తని సీసము దట్టమైన చర్మమునకుఁ దాఁకి చదునైపోవును. ఈ తగరము సంగతి జ్ఞప్తియం దుంచుకొనఁదగినది.

ఇఁక గొట్టమునకును గుండునకును గల పొత్తు విచారింపవలెను. నున్ననిగొట్టపుఁ దుపాకిలో గుండు వదులుగా నుండును. ఈస్టిండియా కంపెనీవారి సైన్యములయందును ఆంగ్లరాజసైన్యములయందును వాడుకయైన మస్కటు గొట్టము 0.75 అంగుళము, దాని గుండు దాదాపు 0.69 అంగుళము. రెంటికిని నడుమ నంగుళములో వేయింట నఱువదిపాళ్ళ సందు. గుండు నోట విడిచినచో దానంతట నదియే లోపలికి దొరలును. అందుచేత సిపాయి నిముషమునకు మూఁడు మాఱులు కాల్చఁగలిగెడివాఁడు. కాని యదే సందుగుండ మందుపొగ వెడలిపోవును. గుండు గొట్టపు గోడలకుఁ దగులుచు వచ్చి, కడపట నే ప్రక్కకుఁ దాఁకెనో యా ప్రక్కకు వంకరపోవును. నూఱు గజములకు మించిన దూరమున నొక మనుష్యుని గుఱిచూచి కొట్టుట యదృష్టముపై నాధారపడిన పని. ఇట్టి తూటాకుఁ గొవ్వు వలదు. నూఱేండ్లు సిపాయి నోటికిఁ గొవ్వు తగులకుండుటకుఁ గారణ మిదియే.

రైఫిలు కథ వేఱు. గొట్టము లోపల మెలిదిరిగిన చాళ్ళు త్రవ్వి, గుండు బొంగరమువలెఁ దిరుగుచు వెడలునట్లు చేసినచో గుఱి తప్పదని జర్మనీదేశపుఁ బనివాండ్రు పదునైదవ శతాబ్ది కడపటికే యెఱుఁగుదురు. కాని గుండు తిరుగవలెనన్నచోఁ జాళ్ళను గఱచిపట్టవలెను. కఱచిపట్టవలెనన్నచో బిగువుగా నుండవలెను. బిగువుగా నున్నచో గొట్టపు నోటినుండి లోపలికిఁ బోదు. లోనికిఁ బోవునప్పుడు చిన్నదిగాను, వెలికి వచ్చునప్పుడు పెద్దదిగాను నుండు గుండు కావలెను. ఈ విరోధమును బరిహరించుటకే రైఫిలుపనివాండ్రు మూఁడువందల యేండ్లకుఁ బైఁగాఁ బాటుపడిరి.

మొదటి యుపాయము స్నేహద్రవ్యము. గుండును గొవ్వులోఁ దడిపిన తోలుముక్కలోఁ జుట్టి కూరుదురు. తోలు చాళ్ళలో నిమిడి, గుండును ద్రిప్పును. కొవ్వు జాఱుటకుఁ దోడ్పడును, మందు కాలఁగా మిగిలిన మసిని మెత్తపఱచును. నల్లమందు కాలునప్పుడు బరువున సగమునకుఁ బైఁగా మసిగను ఉప్పుగను నిలిచిపోవును. ఇరువదిమాఱులు కాల్చునప్పటికిఁ జాళ్ళు పూడి, గుండు నడుమ నిఱుకుకొనును. 1800లో నాంగ్లసైన్యమునఁ బ్రవేశపెట్టిన ఎజికియెల్ బేకరుని రైఫిలునకు 0.625 అంగుళపు గొట్టము, ఏడు చాళ్ళు. దానితోఁ గూడ మొదట సైనికులకుఁ గొయ్యసుత్తుల నిచ్చిరి, గుండును గొట్టి లోపలికి దింపుటకు! గుఱి యుత్తమము, కాని మస్కటు మూఁడు మాఱులు ప్రేలులోఁగా నిది యొకమాఱో రెండుమాఱులో ప్రేలును. కావున రైఫిలు కొన్ని పటాలములకే పరిమితమై, సామాన్యసైనికునికి నున్ననిగొట్టమే మిగిలెను.

రెండవ యుపాయము తోఁచినచోటు దక్షిణహిందూదేశమని చెప్పుదురు. ఆంగ్లరాజసైన్యపు 34వ పటాలమునకుఁ జెందిన కెప్టెన్ నార్టను ఇచ్చటివారు ఊదుగొట్టములతో బాణము లూదుట చూచెనఁట. ఆ బాణపు మొదట మెత్తని బెండుండి, యూదినంతనే వ్యాకోచించి, గాలి తప్పిపోకుండ గొట్టమును గప్పివేయుచుండెను. దాని ననుసరించి 1823 ప్రాంతమున నాతఁడు అడుగున గుల్లగా నుండు కోలగుండును గల్పించెను. మందు ప్రేలినప్పుడు వాయువు గుల్లలో నిండి, సీసపుటంచులను వెలికిఁ దోయును. అవి చాళ్ళను గఱచుకొనును. గుండు చిన్నదై లోపలికిఁ బోయి, పెద్దదై వెలికి వచ్చెను! మూఁడువందల యేండ్ల చిక్కునకు విడుపు బెండుముక్కలో దొరకినదన్నమాట. సైన్యాధికారులు దానిని గైకొనరైరి.

తరువాతివారి చరిత్రము సంక్షేపముగాఁ జెప్పినఁ జాలును. ఫ్రాన్సుదేశపు డెల్వీన్యు 1826లో గుండును గడ్డితో మోఁది వెడల్పుచేయు నుపాయమును గనిపెట్టెను. మోఁదుటచేత గుండు రూపు చెడెను. విలియం గ్రీనరు అను నాంగ్లేయుఁడు 1835 ప్రాంతమున గుల్లలో నొక బిరడా నమర్చిన గుండును జూపెను, అదియుఁ ద్రోసిపుచ్చఁబడెను. 1849లో ఫ్రెంచి సేనాని మినియే గుల్లలో నినుపగిన్నె నిమిడ్చి చేసిన గుండు లోకప్రసిద్ధ మయ్యెను. ఆంగ్లప్రభుత్వము వారతని కిరువదివేల పౌనుల నిచ్చి యా తంత్రమును గొనిరి. స్వదేశీయుఁడైన గ్రీనరునకు వేయి పౌనులు మాత్రము, అదియుఁ దరువాతఁ, బ్రథమసూచకుఁ డను నెపమున లభించెను. ఆ ధనము మంజూరైన సంవత్సరము 1857 అగుట యొక విచిత్రము.

సీసపు మెత్తఁదన మిచ్చట ఫలించినది. వ్యాకోచించు గుండునకు శుద్ధసీసమే కావలెను; వేఁటకాండ్రవలెఁ దగరము కలిపినచో నంచులు వెడలవు, గుండు చాళ్ళను బట్టదు. ఇదివఱకు దోషముగా నెంచఁబడిన మార్దవమే యిచ్చటఁ బ్రధానగుణ మయ్యెను. గుండ్ల సంఖ్య లక్షల కెక్కఁగా నింగ్లండులోని వుల్విచ్ కార్ఖానాలో చేతిపోఁతను విడిచి, యంత్రములతో సీసపుఁగడ్డీల నచ్చున నొత్తి గుండ్లు చేయసాగిరి.

ఈ పరంపరయందుఁ బుట్టినదే 1853నాఁటి ఎన్ఫీల్డు రైఫిలు. గొట్టపు వెడల్పు 0.577 అంగుళము, నిడివి ముప్పదితొమ్మిది అంగుళములు, చాళ్ళు మూఁడు. గుండు వెడల్పు 0.568 అంగుళము, తూఁకము 530 గ్రెయినులు, అనఁగాఁ దులము తక్కువ మూఁడుతులములు కాదు, నిండు మూఁడుతులములకు రవ్వంత తక్కువ. మస్కటున వేయింట నఱువదిపాళ్ళుగా నున్న సందు దీనిలో వేయింటఁ దొమ్మిదిపాళ్ళకు దిగినది. ఆ కొంచెపు సందును నింపునది కాగితము. తూటాయనఁగాఁ గాగితపుఁ జుట్ట. ఒక కొనయందు మందు, రెండవ కొనయందు గుండు. గుండున్న కొనను గొవ్వున ముంచుదురు. సిపాయి మందున్న కొనను బంటఁ గొఱికి, మందును గొట్టములోఁ బోసి, తూటాను దలక్రిందు చేసి, కొవ్వుకాగితముతోఁ గూడ గుండును నోటఁ దూర్చి, మిగిలిన కాగితమును జించి పాఱవైచి, కడ్డితోఁ గూరును. బేకరునాఁటి తోలుముక్క స్థానమున నిప్పుడు కాగితము వచ్చినది. కొవ్వు మాత్ర మట్లే నిలిచినది. కొఱుకు కొన వేఱు, కొవ్వు కొన వేఱు అని యధికారులు సమాధానము చెప్పుకొనవచ్చును. కాని హిందూదేశపు టెండలోఁ గొవ్వు కరఁగి కాగితమంతయుఁ బ్రాఁకదని యెవ్వఁడు చెప్పఁగలఁడు? తూటాను బట్టిన చేయి మాత్రము నోటికి దూరమా?

శబ్దములనుగూర్చి యించుక. తుపాకి యనునది తురుష్కభాషలోని తుఫెక్ శబ్దమునుండి వచ్చినది. గుండనఁగా మొదట గుండ్రని ఱాయి. ఎన్ఫీల్డు గుండు కోలనిదైనను దానిని గుండనియే యందుము. ఆంగ్లేయుల బుల్లెట్ శబ్దమును ఫ్రెంచిభాషలోఁ జిన్నబంతికిఁ బేరు. రూఢి యోగమును హరించుననుటకు రెండుభాషలయందును నిదర్శన మొక్కటియే. తూటాశబ్దమును నేఁడు గుండునకే వాడుచున్నారు గాని, యది మందును గుండును గలిసిన చుట్టకుఁ బేరు. ఈ భేదము నెఱుఁగనిచో 1857నాఁటి వివాద మర్థము కాదు. సిపాయి గుండును గొఱుకలేదు, తూటాను గొఱికెను.

కొవ్వు దేనితోఁ జేయఁబడెను? ఇంగ్లండునఁ బశువులకొవ్వు అయిదుపాళ్ళు, దానినుండియే తీసిన స్టియరిను అయిదుపాళ్ళు, మైన మొకపాలు. 1853లోనే యట్టి తూటాలను గొన్నిటిని హిందూదేశపు శీతోష్ణములకు నిలుచునో లేదో చూచుటకుఁ బంపిరి. ఆ డిసెంబరులోనే బంగాళసైన్యపు అడ్జుటంటు జనరలు కర్నలు టక్కరు, ఆ కొవ్వు దేశీయుల యాచారమునకు విరుద్ధము కాదని తేలినఁగాని తూటాలను సిపాయిల కీయరాదని వ్రాసెను. మూఁడేండ్లు గడచెను. కలకత్తాలోఁ దూటాలు చేయ నారంభించినప్పుడు, కొవ్వు ఏ జంతువుదో విచారింపవలెనని యెవ్వరికిఁ దోఁచలేదు. నిషిద్ధమైన కొవ్వు చేరకుండ జాగ్రత్త తీసికొనలేదని ఆయుధశాఖాధికారి కర్నలు అబ్బటు పిమ్మట నొప్పుకొనవలసివచ్చెను.

ఆ రైఫిలు నభ్యసింపవలసిన సిపాయిలను నుత్తరదేశీయులు తిలంగాలని పిలిచెడివారు. క్లైవు 1756 కడపట మదరాసునుండి వంగదేశమునకుఁ గొనిపోయిన సిపాయిలలోఁ దెలుఁగువారుండుటచే నా పేరు వచ్చినదందురు. నూఱేండ్లకు నా తిలంగాలు తెలుఁగువారు గారు; అయోధ్య, బీహారు ప్రాంతముల బ్రాహ్మణులు, రాజపుత్రులు, మహమ్మదీయులు. ఐనను 1857నాఁటి ఢిల్లీ ఉర్దూపత్రములలో వారి పేరు తిలంగాలే. ఇచ్చటను రూఢియే గెలిచినది.

1857 జనవరిలోఁ గలకత్తా చెంతనున్న డమ్‌డమ్‌లో ఆయుధశాలాకళాసి యొకఁడు బ్రాహ్మణసిపాయిని జెంబుతో నీళ్ళడిగి, యతఁడు నిరాకరింపఁగా, ఆవుకొవ్వును బందికొవ్వును గొఱుకఁబోవు నీ కింక జాతి యెక్కడిదని పరిహసించెనఁట. వార్త పటాలములన్నిటఁ బ్రాఁకెను. ప్రభుత్వమువారు జనవరి కడపటనే, తూటాలను గొవ్వులేకయే యిత్తుమనియు, సిపాయిలు తమకు సమ్మతమైన ద్రవ్యమును దామే పూసికొనవచ్చుననియు నుత్తరువు చేసిరి. ఆ పని మూఁడేండ్లు ముందుచేసినచో నేమయ్యెడిదో! ఇప్పుడు కాగితపు మెఱుఁగుమీఁదనే యనుమానము పుట్టెను. ఫిబ్రవరి 26న బర్హంపూరులో 19వ పటాలమువారు తూటాల నంటమనిరి. మార్చిలోఁ బంటికి బదులు చేతితోఁ జించునట్లు కవాతు మార్చిరి. మార్చి 29న బారక్‌పూరులో 34వ దేశీయపటాలపు మంగల్ పాండే తుపాకి యెత్తెను. (ఇది నార్టనుని 34వ పటాలము గాదు, సంఖ్యాసామ్యముచే భ్రమపడరాదు.) ఏప్రిలు 24న మీరటులో 3వ అశ్వదళమువారు తొంబదిమందిలో నెనుబదియేవురు తూటాలను ముట్టరైరి. వారికిచ్చినవి యెన్ఫీల్డుతూటాలు కావు, కొవ్వెఱుఁగని పాతవి. మే 9న వారికి సంకెలలు వేసిరి. 10న మీరటు తిరుగఁబడెను.

సిపాయిల భయమును మూఢవిశ్వాసమని కొట్టివేసిన యాంగ్లచరిత్రకారులు గలరు. మీరటు తూటాల విషయమున వారిమాట యక్షరశః సత్యమైనను, మొత్తముమీఁద నన్యాయము. గుండునకు స్నేహద్రవ్యము వలయుననుట సీసపుఁ బనివాండ్రు తేల్చిన సత్యము. అది పశువులకొవ్వే కావలెనని మాత్రమెవ్వరును దేల్చలేదు. తేనెమైనము చాలును, మేలును గూడ. పశువులకొవ్వు ఎండకుఁ గరఁగిపోయి, కాగితము పొడియై, కలహకాలమున నాంగ్లసైనికులకే గుండ్లు గొట్టమునఁ దిగక చిక్కుపడినవి. పిమ్మట గుండు వెడల్పును 0.55 అంగుళమునకుఁ దగ్గించి, పూఁతలోఁ దేనెమైనమునే ప్రధానముగాఁ జేసిరి. ఈ మార్పు సిపాయిలకొఱకుఁ జేసినది కాదు, తుపాకికొఱకుఁ జేసినది.

కలహ మణఁగిన పిమ్మట దేశీయసైన్యమునకు మఱియొక తుపాకి నిచ్చిరి. 1858నాఁటి యా మాదిరి, చూచుట కెన్ఫీల్డే. కాని గొట్టమును 0.656 అంగుళమునకు వెడల్పుచేసి, లోపలి చాళ్ళను దీసివేసిరి.